పిల్లాడి చదువు సంగతి తర్వాత, ముందు అత్తగారి సంగతి చూడండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేను విశాఖపట్నంలో పెరిగాను, డిగ్రీ, బీఈడీ చేశాను. ముగ్గురు పిల్లలు. పెద్దబాబుకి ఐదేళ్ళు నిండాయి, పాపకి మూడేళ్ళు, చంటివాడికి ఎనిమిదో నెల. బాబుని ఎల్‌కేజీలో వేస్తే టీచర్ కొట్టిందని మానిపించాం. ఒకటో తరగతి దాకా ఇంట్లో నేనే చెప్పుకుందామని నిర్ణయించుకున్నాను. రోజుకి నాలుగు గంటలు కూర్చోబెట్టాలని అనుకున్నాను. కానీ పుస్తకం తీయగానే పాప పెన్సిల్ లాక్కుంటుంది, చంటివాడు ఏడుపు మొదలుపెడతాడు. బాబు పుస్తకం చూస్తేనే కడుపునొప్పి అంటున్నాడు. మొన్న విసుగొచ్చి స్కేలుతో కొట్టాను, తర్వాత నేనే ఏడ్చాను. అత్తగారు మాతోనే ఉంటారు. వంట ఆవిడే చేస్తారు, చంటివాణ్ణి ఎత్తుకుంటారు. కానీ చదువుకోలేదు, భాష మోటుగా ఉంటుంది. ఆవిణ్ణి చూసి బాబుకి కూడా 'ఏటి', 'నానెల్తాను' అనడం అలవాటైంది. అందుకే చదువు టైంలో బాబు దగ్గరికి రావద్దని చెప్పాను. ఈమధ్య వాడు కూడా ఆవిడతో 'నీకు చదువు రాదు, నువ్వు మాట్లాడకు' అంటున్నాడు. మావారికి బరంపురంలో ఉద్యోగం, శనివారం రాత్రి వస్తారు. ముగ్గురినీ చూసుకుంటూ చదువు చెప్పడానికి మంచి టైంటేబుల్ ఇవ్వండి. ఒడియా ఇప్పటినుంచే నేర్పాలా?
- ఒక తల్లి, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: అమ్మా, మీరు టైంటేబుల్ అడిగారు. ముందు అది తేల్చేస్తాను. ఎనిమిది నెలల చంటివాడున్న ఇంట్లో ఏ టైంటేబుల్ నిలవదు. వాడికి పళ్ళొస్తుంటే రాత్రి ఉండదు, జలుబు చేస్తే పగలు ఉండదు. పైగా ఐదేళ్ళ పిల్లాడికి నాలుగు గంటల చదువు ఎందుకు? పావుగంట చొప్పున రోజుకి రెండుసార్లు కుదురుగా కూర్చుంటే ఆ వయసుకి అదే ఎక్కువ. మిగతా రోజంతా వాడు ఆడుకోవాలి, అడగాలి, వినాలి. కాబట్టి టైంటేబుల్ మాట ఇక్కడితో వదిలేద్దాం.

నా మనసు ఆగిపోయింది మీరు దారిలో చెప్పి వదిలేసిన ఇంకో మాట దగ్గర. ఐదేళ్ళ మనవడు నాయనమ్మతో 'నీకు చదువు రాదు, నువ్వు మాట్లాడకు' అంటున్నాడు. పిల్లాడి అల్లరిలో ఒకటిగా రాశారు దాన్ని. నేను అలా చదవలేకపోయాను. మీ ఇంట్లో అసలు సమస్య అదే.

ఆ మాట వాడికి ఎక్కడినుంచి వచ్చింది? మీరు నోటితో అని ఉండరు. పెంపకం తెలిసిన మనిషే మీరు, మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. కానీ వాడు రోజూ చూస్తున్నాడు. పుస్తకం తెరవగానే నాయనమ్మ గదిలోంచి బయటికి వెళ్ళిపోవాలి. పుస్తకం మూయగానే వచ్చి అన్నం కలిపి పెట్టాలి. చదువు ఉన్నచోట ఆవిడకి చోటు లేదని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో బడి పెట్టి మీరు వాడికి నేర్పిన మొదటి పాఠం అది. అ ఆల కంటే ముందే వచ్చేసింది.

మీ అత్తగారు ఏం చేస్తున్నారో మీరే రాశారు. అంతమందికీ వంట చేస్తున్నారు, చంటివాణ్ణి ఎత్తుకుంటున్నారు. అంటే ఆవిడ ఒళ్ళు మీకు కావాలి, నోరు అక్కర్లేదు. కఠినంగా అంటున్నానని తెలుసు. మీరు నా కూతురైనా ఇలాగే అంటాను. పెద్దవాళ్ళకి వేళకి అన్నం, మందులు ఇచ్చేస్తే గౌరవం అయిపోయిందనుకుంటాం. మనవడి ఎదుట వాళ్ళ మాటకి విలువ ఉందా లేదా అన్నదే నా దృష్టిలో అసలు గౌరవం.

ఇక మోటు భాష అన్నారు. మీరు కాపురం చేస్తున్న ఊరు ఏ ఊరో ఒక్కసారి గుర్తు చేసుకోండి. గిడుగు రామమూర్తిగారు మేష్టారుగా బతికిన ఊరు. కొండల మీది సవరల మాట విని, నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని సొంత డబ్బు పెట్టి బళ్ళు నడిపిన మనిషి. జనం నోట ఉన్న తెలుగే పుస్తకంలోకి రావాలని పండితులందరితో ఏళ్ళ తరబడి వాదించారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. ఆ ఊళ్ళో ఒక తెలుగు ఇంట్లో, తెలుగు తప్ప మరోటి ఎరగని పెద్దావిడ మాట పిల్లాణ్ణి పాడుచేస్తుందని భయపడుతుంటే నాకు చాలా కష్టంగా ఉంది.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. ఆ తర్వాత బడి ఒడియా, ఆఫీసు ఒడియా. అయినా మీ వీధిలో ఇవాళ తెలుగు వినిపిస్తోందంటే మీ అత్తగారి లాంటి ఆడవాళ్ళు వంటింట్లో, అరుగుల మీద, పిల్లల్ని జోకొడుతూ దాన్ని వదలకుండా మాట్లాడినందువల్లే. 'నానెల్తాను' అన్న పిల్లాడు రేపు 'నేను వెళ్తాను' అని రాయలేడని మీకెవరు చెప్పారు? శ్రీకాకుళం జిల్లా పిల్లలందరూ ఇంట్లో ఒకలా మాట్లాడి బళ్ళో ఇంకోలా రాస్తూనే కదా పెద్ద చదువులు చదివారు! ఐదేళ్ళవాడికి రెండు రకాల తెలుగూ పడతాయి. ఒకటి తక్కువది అని మనం చెబితే తప్ప వాడికి ఆ తేడా తెలియదు.

నేను చెప్పేది ఇదీ. ఇప్పుడు చంటివాడు ఆవిడ దగ్గర, పెద్దవాడు మీ దగ్గర ఉంటున్నారు. తిరగేయండి. పొద్దున్న ఒక గంట, గంటన్నర పెద్దవాణ్ణి ఆవిడకి అప్పగించి చంటివాడితో మీరు ఉండండి. వాడు పడుకుంటే మీరూ పడుకోండి. రాత్రుళ్ళు నిద్ర లేని మనిషి పగలు పాఠం చెబితే చేతిలోకి స్కేలు రాక ఏమొస్తుంది?

ఆవిడకేం వచ్చు అనకండి. చింతపిక్కలతో వామనగుంటలు ఆడించమనండి. ఒక్కో గుంటలో పిక్కలు పంచుకుంటూ పోయే ఆటలో లెక్కింపు ఉంది, కూడిక ఉంది, ముందుచూపు ఉంది. మీ వర్క్‌బుక్కులో నాలుగు యాపిల్ బొమ్మల పక్కన 4 అని దిద్దడం కంటే అందులో ఉన్న లెక్కే ఎక్కువ. చుక్కల ముగ్గు పెట్టించమనండి, రేపు అక్షరం దిద్దే వేళ్ళు అక్కడ తయారవుతాయి. కందిపప్పులో రాళ్ళు ఏరేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోమనండి. పొడుపుకథలు వేయమనండి. నౌపడానుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్నరైలు 2004 దాకా నడిచింది కదా, ఆవిడ ఎక్కే ఉంటారు. దాని కబుర్లు చెప్పమనండి. మీ బీఈడీ పుస్తకాల్లో 'తెలిసినదాని నుంచి తెలియనిదానికి' అని చదివే ఉంటారు. తెలిసినదంతా ఆవిడ దగ్గరుంది.

ఆ తర్వాత మీ పావుగంట. నాయనమ్మ ఏం కథ చెప్పిందో వాణ్ణి మీకు చెప్పమనండి. వాడు చెప్పిన వాక్యం ఒక్కటి, వాడన్నది అన్నట్టే, పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయండి. 'రైలు కూతేసి ఎల్లిపోనాది' అంటే అలాగే రాయండి, దిద్దకండి. వేలు పెట్టి చదివి చూపించండి. తన నోట్లోంచి వచ్చిన మాట కాగితం మీద కనిపిస్తే ఆ వయసు పిల్లాడు మళ్ళీ మళ్ళీ అడిగి చదివించుకుంటాడు. సాయంత్రం ఆ కాగితం నాయనమ్మకి చదివి వినిపించమనండి. అప్పుడు కడుపునొప్పి ఏమవుతుందో చూడండి. ఆటలోనూ అదే నొప్పి వస్తుంటే మాత్రం పిల్లల డాక్టరుకి చూపించండి.

ఇదంతా చేసే ముందు ఆవిణ్ణి అడగాలి. పని పురమాయించినట్టు కాకుండా, బాబు వింటుండగా, 'అత్తయ్యా, వీడికి వామనగుంటలు నేర్పరూ, నాకు సరిగా రావు' అని అడగండి. పెద్ద క్షమాపణలు అక్కర్లేదు, ఆవిడ కూడా ఇబ్బంది పడతారు. ఒకసారి అప్పగించాక గుమ్మం దగ్గర నిలబడి ఏం మాట్లాడుతున్నారో వినకండి. వాడు మళ్ళీ 'నీకు చదువు రాదు' అంటే అక్కడికక్కడే ఆపండి, అరవకుండా గట్టిగా. 'నాయనమ్మని అలా అనకూడదు, నాకే నాయనమ్మ నేర్పుతోంది' అని ఆవిడ వింటుండగా చెప్పండి. ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం: పెద్దవాణ్ణి ఆవిడకి అప్పగిస్తే వంటలో సగం మీరు అందుకోవాలి. అరవై దాటిన ఒంటికి కొత్త పని చేర్చి పాత పని తగ్గించకపోతే అది గౌరవం ఎలా అవుతుంది? ఆవిడకి ఓపిక లేదంటే ఆ గంటని అరగంట చేయండి.

స్కేలు సంగతి. టీచర్ కొట్టిందని బడి మానిపించారు, మంచి పని చేశారు. బడిలో పిల్లల్ని కొట్టడం, మనసు నొచ్చేలా వేధించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. ఇంట్లో అదే దెబ్బ అమ్మ చేతిలో తగిలితే వాడు ఎక్కడికి మానేసి వెళ్తాడు? ఆ స్కేలు ఇంట్లోంచి తీసేయండి. మీరు ఏడ్చానని రాశారు. ఒక్కసారి అయితే అది అలసట. రోజూ ఏడుపు వస్తున్నా, చంటివాణ్ణి చూసినా ఏమీ అనిపించకపోయినా, నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోయినా అది ప్రసవం తర్వాత కొందరు తల్లులకి వచ్చే జబ్బు కావచ్చు. మందు ఉంది, తగ్గుతుంది. డాక్టరుని కలవండి. మనసు బాగోలేనివాళ్ళకి సాయపడే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీమానస్ 14416 నంబరుకి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

పాప పెన్సిల్ లాక్కుంటోందంటే తనకీ ఒకటి కావాలని. ఇచ్చేయండి, ఒక పాత నోట్‌బుక్కు కూడా ఇవ్వండి. మూడేళ్ళు వచ్చాయి కాబట్టి పొద్దున్న కాసేపు అంగన్‌వాడీకి పంపవచ్చు. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి అక్కడ ఆటపాటలతో బడికి ముందు చదువు చెబుతారు. మన పిల్లని అంగన్‌వాడీకి పంపడమేమిటి అన్న ఆలోచన వస్తే అది కూడా మోటు భాష అన్న చోటినుంచే వస్తోందని గమనించండి. వెళ్ళి చూడండి, ఆయమ్మ, టీచర్ మంచివాళ్ళనిపిస్తే పంపండి.

ఒడియా గురించి టెన్షన్ వద్దు. పాఠంగా పెట్టకండి. కూరగాయలామెతో, పక్కింటి పిల్లలతో వాడు మాట్లాడనివ్వండి. లిపి వేరైనా అక్షరాల వరస మనదే, అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ. తెలుగు అక్షరాలు స్థిరపడ్డ పిల్లాడికి ఒడియా లిపి పట్టడం కష్టం కాదు. ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి వాడికి గానీ మీకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదని అదే విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి అడ్మిషన్ భయంతో వాణ్ణి తోమకండి. ఆరేళ్ళు నిండాక మాత్రం బడిలో వేయండి. అది తల్లిదండ్రుల బాధ్యత అని చట్టంలోనే ఉంది, చట్టం సంగతి అలా ఉంచినా వాడికి వాడి వయసు స్నేహితులు కావాలి. ఈసారి బడి ఎంచుకునేటప్పుడు బిల్డింగు చూడకుండా, ఒకటో తరగతి టీచర్ పిల్లలతో ఎలా మాట్లాడుతున్నారో చూసి వేయండి.

చివరగా మీవారు. ఆయన గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, ఆయన ఇంట్లో అంతే ఉన్నారేమో. తన తల్లిని మనవడి చదువు దగ్గరికి మీరు రావద్దన్నారని ఆయనకి తెలుసా? తెలిసీ ఊరుకుంటే తప్పులో సగం ఆయనది. శనివారం రాత్రి రాగానే మొదలుపెట్టకండి, భోజనాలయ్యాక ఈ జవాబు చదవమనండి. ఆదివారం పొద్దున్న ముగ్గురు పిల్లల్నీ ఆయనకి వదిలేసి, మీరూ అత్తగారూ కలిసి గుడికో బజారుకో వెళ్ళిరండి. చంటివాడికి పాలిచ్చే వేళకి తిరిగొస్తే చాలు.