గ్రిల్ మీద పందిరి, పప్పులోకి ఆకు

ప్రశ్న: గేటు పక్కన చిన్న మట్టి జాగా ఉంది. మావారు పూల మొక్కలు అంటారు, నాకేమో ఆకుకూరలు కావాలి. రెండూ కుదిరేవి ఉన్నాయా? – ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఎందుకు లేవండీ! ముందు ఎర్ర తీగ బచ్చలి పెట్టండి. కూరకి తెచ్చుకున్న కట్టలోంచి ముదురు కాడ ఒకటి తీసి, కణుపు మట్టిలో ఉండేలా గుచ్చి తడి ఆరకుండా చూస్తే చాలు, వేళ్లు వచ్చేసి గ్రిల్ పట్టుకుని పాకుతుంది. ఊదారంగు కాడలు, నిగనిగలాడే దళసరి ఆకులు, తర్వాత నల్లటి చిన్న పళ్లు, చూడ్డానికి ఎంత బావుంటుందో. పైగా కంద బచ్చలి మీ గోదావరి వాళ్ల కూరే కదా! దాని ముందు ఎర్ర గోంగూర నాలుగు మొక్కలు. ఆకు కోస్తూ ఉంటే గుబురవుతుంది, ఒక్కదాన్ని మాత్రం కోయకుండా వదిలేయండి, లేత పసుపు రేకులూ మధ్యలో ముదురెరుపూ ఉన్న పువ్వు చూశాక మీవారు మళ్లీ పూల మొక్కల మాటెత్తరు. ఖాళీల్లో ఎర్ర తోటకూర చల్లండి.

ఒక్క జాగ్రత్త: ఈ తినే మొక్కల మధ్య గన్నేరు వద్దు, అది విషం.