పాపకి నూనె రాయడం, నేల మీద వేయడం

చి.ల.సౌ. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

పాపకి మూడో నెల నిండింది కదా, ఇక నూనె రాయడం కన్నా నేల మీద వేయడమే ముఖ్యం. మనిళ్లలో మొదటిది శ్రద్ధగా చేస్తారు. రెండోదాని దగ్గరికి వచ్చేసరికి పిల్లని ఒడిలోంచి దించరు.

ముందు నూనె సంగతి. పాలు తాగాక ముప్పావు గంట ఆగు, లేదంటే పొట్ట తాకగానే కక్కేస్తుంది. ఫ్యాను ఆపి, గాజులు, ఉంగరాలు తీసేయి. కొబ్బరినూనె చాలు. ఆవనూనె లేత చర్మానికి పడదు. చెంచాడు నూనె అరచేతుల్లో రుద్ది వెచ్చబడ్డాక పాదాల దగ్గర మొదలుపెట్టు. మరీ తేలిగ్గా రాస్తే చక్కిలిగిలి పుట్టి కాళ్లు ముడుచుకుంటుంది, గట్టిగా రుద్దితే చర్మం కందుతుంది. చేతి కింద చర్మం కాస్త కదిలితే చాలు. పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపే రాయి, పెద్దపేగు సాగేది అటే. తర్వాత రెండు మోకాళ్లూ మడిచి పొట్టకి ఆనించి, నాలుగు లెక్కపెట్టి వదిలితే గ్యాసు పోతుంది. చివర్లో కుడిచేతిని ఎడమ పాదానికి, ఎడమచేతిని కుడి పాదానికి ఐదారుసార్లు తాకించు. బిగబట్టిందా, లాగకు, ఆగు. మొత్తం 10–15 నిమిషాలు. మొహం తిప్పేసుకుంటున్నా, ఆవలిస్తున్నా ఇక చాలని అర్థం.

నీళ్లు పోసే ఆవిడకి కొన్ని గట్టిగానే చెప్పాలి. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, ముక్కు లాగడం, తల నొక్కడం వద్దు. పాప రొమ్ములు పిండితే చీము పడుతుంది. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. 14 వారాల టీకా వేశాక సూది పొడిచిన తొడని ముట్టుకోకండి. జ్వరం ఉన్న రోజు నూనె మానేయండి.

ఇప్పుడు నేల. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం, ఇంకా పాకని పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తంలో కనీసం 30 నిమిషాలు బోర్లా ఉండాలి. ఒక్కసారిగా కాదు, మూడేసి నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పో. పరుపు మీద వద్దు, ముక్కు కూరుకుపోతుంది. చాప మీద దుప్పటి పరిచి, చిన్న తువ్వాలు చుట్టి చంకల కిందుగా రొమ్ముకి ఆనించు. మోచేతులు భుజాలకి కాస్త ముందుండాలి. వేయగానే ఏడ్చే పిల్లల్లో చాలామందికి చేతులు ఒంటి కింద ఇరుక్కుని ఉంటాయి. ముందు అది చూడు. మోచేతుల మీద బరువు పడితేనే మెడ, భుజాలు గట్టిపడతాయి, గుప్పిళ్లు విచ్చుకుంటాయి. జానెడు దూరంలో మెరిసే స్టీలు గిన్నె పెట్టి, మెల్లగా ఇటూ అటూ జరుపు. అయినా ఒప్పుకోకపోతే నువ్వు వెనక్కి వాలి నీ గుండెల మీదే బోర్లా వేసుకో, అదీ లెక్కలోకే వస్తుంది. తల చాపకి ఆనించేసిందంటే అలసిపోయినట్టే. పక్కనే ఉండు. నిద్రపోతే వెంటనే వెల్లకిలా తిప్పు.

బోర్లా పడితే బొబ్బట్లు పంచాలన్న తొందరలో ఎవరూ చేత్తో తిప్పేయకండి. వెల్లకిలా ఉన్నప్పుడు ఒక మోకాలు మడిచి, నడుము మీదుగా అవతలి వైపుకి తెచ్చి, అక్కడే ఆపు. భుజం, తల తనే తెచ్చుకోవాలి. అర నిమిషం పడుతుంది, పట్టనీ. రెండు వైపులకీ సమానంగా చేయించు. చీర ఉయ్యాలలో ఒళ్లు వంగిపోయి కాళ్లూ చేతులూ ఆడవు, నిద్ర పట్టాక అందులోంచి తీసి చదునైన చోట వెల్లకిలా వేయి.

అల్లుడుగారు వాకర్ కొంటానన్నారట. వద్దను. నడక త్వరగా రాదు సరికదా, మెట్ల మీంచి పడే ప్రమాదం ఉంది. కెనడాలో 2004 నుంచి వాటి అమ్మకమే నిషేధం.

నాలుగో నెల నిండాక కూడా ఎత్తుకున్నప్పుడు తల నిలవకపోయినా, ఎప్పుడూ ఒక చేయే ఆడిస్తున్నా, తల ఒకే వైపు వాల్చి రెండో వైపు తిరగనివ్వకపోయినా, డైపర్ మార్చేటప్పుడు కాళ్లు కత్తెరలా బిగుసుకుంటున్నా, చూద్దాంలే అని ఆగకండి. పిల్లల డాక్టరుకి చూపించండి. చాలా జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అని, పిల్లల ఎదుగుదల లోపాలని ముందుగానే గుర్తించి చికిత్స చేసే కేంద్రం ఉంటుంది, అక్కడ ఫిజియోథెరపీ ఉచితంగా చేస్తారు.

ఇట్లు,
పెద్దమ్మ