అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకి ఆడ కోచ్ మంచిదా, మగ కోచ్ మంచిదా?

మేనకోడలు టెక్సస్‌లో హైస్కూల్ జట్టుకి ఆడుతోంది, రెండు కాలేజీల నుంచి పిలుపు వచ్చింది, ఒకచోట కోచ్ ఆవిడ, ఇంకోచోట ఆయన, ఎటు పొమ్మనాలి అని కదా మీరు అడిగింది. నేను బాస్కెట్‌బాల్ ఎప్పుడూ ఆడలేదు. మాది ఖమ్మం. మా బడిలో కోర్టు ఉండేది కానీ ఆ రింగుకి పీఈటీ సార్ పాత సైకిల్ ట్యూబులు వేలాడేవి. అయితే 2018-19లో ఎమ్మెస్ చేస్తూ అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీ అమ్మాయిల జట్టుకి సీజన్ మొత్తం కెమెరా పట్టాను. ఆట గురించి నాకంటే తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను చెప్పేదే కరెక్టు.

ఆ పని ఎలా దొరికిందో చెప్పాలి. ఎఫ్-1 వీసా మీద చదువుకునేవాళ్లు క్లాసులు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకి మించకుండా పని చేసుకోవాలి. మనవాళ్లంతా డైనింగ్ హాల్లో ప్లేట్లు తోమడానికి క్యూ కడతారు. నేను బీటెక్‌లో మూడు షార్ట్ ఫిల్ములు తీశాను (ఒకదానికి 1,100 వ్యూస్, అందులో సగం మా అమ్మవే), ఆ ధైర్యంతో వీడియో అసిస్టెంట్ పోస్టుకి అప్లికేషన్ పెట్టాను, వచ్చేసింది. రూమ్మేట్లందరూ నక్క తోక తొక్కావురా అన్నారు. వాళ్ల ఊహల్లో నేను పాటలో హీరోలా అమ్మాయిల మధ్య తిరుగుతున్నాను. నిజానికి పొద్దున్నే ఐదున్నరకి, మైనస్ పదిహేను డిగ్రీల చలిలో, ట్రైపాడ్ భుజాన వేసుకుని వెళ్లి, ఖాళీ స్టేడియంలో పై వరసలో ఒక్కణ్నే కూర్చునేవాణ్ని. వంట టర్న్ తప్పించుకుంటున్నానని ఇంట్లో గొడవ కూడా. ఆ గొడవ సంగతి ఇంకోసారి.

మొదటి వారం ప్రాక్టీసు చూసి నాకు అర్థం కానిది ఏంటంటే, కోర్టులో అబ్బాయిలు కూడా ఉన్నారు. అక్కడ చాలా కాలేజీల్లో అమ్మాయిల జట్లు అదే కాలేజీలో చదివే మగపిల్లలతో ప్రాక్టీసు చేస్తాయి. వీళ్లకి స్కాలర్‌షిప్ ఏమీ ఉండదు, మహా అయితే ఒక జత బూట్లు, టీషర్టు. రాబోయే శనివారం ఎవరితో మ్యాచ్ ఉందో ఆ జట్టులాగా వీళ్లు ఆడి చూపించాలి. ఇలా ప్రాక్టీసు చేయించడాన్ని బాగా వాడుకున్నవాళ్లలో టెనెసీ యూనివర్సిటీ అమ్మాయిల జట్టు కోచ్ పాట్ సమిట్ ఒకరని తర్వాత తెలిసింది.

నేను మొదటి రోజు ఫుటేజ్ చాలా కష్టపడి తీశాను. బంతి ఎటు పోతే అటు పాన్ చేశాను, షాట్ వేసేటప్పుడు జూమ్ చేసి వేళ్లు కనబడేలా పట్టాను, చెమట బొట్టు కూడా వచ్చింది ఒకచోట. రాత్రి కూర్చుని ఎడిట్ చేసి పంపాను. మర్నాడు కోచ్ పిలిచింది. యాభై ఏళ్లుంటాయి, పొట్టి జుట్టు, మోకాలికి ఎప్పుడూ పట్టీ, ఒకప్పుడు తనూ కాలేజీకి ఆడిన మనిషి. టీవీలో నా వీడియో పెట్టి చివరిదాకా చూసి, "చాలా బాగుంది, దీనికి ఒక పాట పెట్టుకో. నాకు మాత్రం పనికిరాదు" అంది.

తర్వాత ఒక షాట్ దగ్గర ఆపింది. మా జట్టు అమ్మాయి మూలనుంచి మూడు పాయింట్ల షాట్ వేసి, పడ్డాక నవ్వుతున్న ఫ్రేమ్ అది. నేను గర్వపడిన ఫ్రేము. "ఈ పిల్ల దగ్గరికి ఎవరూ రాలేదేం?" అని అడిగింది. నాకేం తెలుసు, డిఫెన్స్ నిద్రపోయిందేమో అన్నాను. కాదట. ఇంకో పొడుగమ్మాయి వెళ్లి, ఆపడానికి వస్తున్న అబ్బాయికి గోడలా అడ్డం నిలబడింది, అతను గుద్దుకున్నాడు, ఈ పిల్లకి రెండు క్షణాలు దొరికాయి. ఆ పొడుగమ్మాయి నా ఫ్రేమ్‌లోనే లేదు. ఇంకో ముగ్గురూ లేరు. "బంతిని అందరూ చూస్తారు, దానికి నీకు డబ్బులివ్వక్కర్లేదు. బంతి లేని నలుగురు ఏం చేస్తున్నారో చూపించడానికి నిన్ను పెట్టుకున్నాను." అప్పుడే ఇంకో మాట కూడా అంది. ఆ గుద్దుకున్న అబ్బాయి కావాలనే మెల్లగా పరిగెత్తుతున్నాడని తనకి అనుమానమట, అమ్మాయిలు కదా దెబ్బ తగులుతుందని. నేను జూమ్ చేయడం వల్ల అది తేలలేదు. మర్నాడు వెడల్పుగా తీశాను, తేలింది. అందరి ముందూ పిలిచి, "నువ్వు మర్యాద చేస్తున్నాననుకుంటున్నావు, శనివారం అవతలి జట్టు ఆ మర్యాద చేయదు" అని వాణ్ని బయట కూర్చోబెట్టింది. గొంతు పెంచలేదు. ఆరడుగుల మూడంగుళాల మనిషి చిన్నపిల్లాడిలా తల దించుకుని టవల్ తెచ్చుకున్నాడు.

అంతవరకూ మా ఊళ్లో నేను చూసిన పీఈటీ మేడమ్ అంటే ఆడపిల్లలకి టెన్నికాయిట్ ఆడించి, జడలకి రిబ్బన్లు సరిగ్గా ఉన్నాయా లేదా అని చూసే మనిషి. అబ్బాయిల కబడ్డీ జోలికి ఆవిడ వస్తే నవ్వేవాళ్లం. ఆ నవ్వు నాలో ఇంకా పోలేదని ఎలా తెలిసిందంటే, నవంబరులో మా జట్టు సీనియర్ ఒకమ్మాయి నన్ను అడిగింది: "అసిస్టెంట్‌ని 'కోచ్' అంటావు, హెడ్ కోచ్‌ని మాత్రం 'మేడమ్' అంటావు, ఎందుకు?" అసిస్టెంట్ మగాయన. నేను ఒక్కసారి కూడా గమనించలేదు. మా దగ్గర మేడమ్ అంటే గౌరవం అని ఏదో చెప్పాను. "ఆయనకి కూడా గౌరవమే కదా ఇస్తున్నావు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజునుంచి కోచ్ అనే అన్నాను, నాలుక తిరగడానికి రెండు వారాలు పట్టింది.

సరే, మీ ప్రశ్నకి వస్తే, మగ కోచ్‌లు చెడ్డవాళ్లని నేను చెప్పడం లేదు. చెబితే కనెక్టికట్ యూనివర్సిటీ వాళ్లు కొడతారు. జీనో ఆరియెమ్మా 1985 నుంచి అక్కడే అమ్మాయిల జట్టుకి కోచ్, 2025 ఏప్రిల్‌తో 12 జాతీయ టైటిళ్లు. కానీ అదే 1985 నుంచి ఆయన పక్కనే క్రిస్ డెయిలీ అనే ఆవిడ ఉంది. నలభై ఏళ్లు. ఆయన పేరు తెలిసినవాళ్లలో పదోవంతు మందికైనా ఈవిడ తెలుసా అంటే నాకు డౌటే. ఇదీ బంతి లేని నలుగురి కథే.

మన దగ్గరైనా అంతే కదా. సైనాకి, సింధుకి గోపీచంద్ గారు కోచింగ్ ఇచ్చారంటే ఎవరికీ వింతగా అనిపించలేదు, అనిపించక్కర్లేదు కూడా. 2025లో మన అమ్మాయిలు వన్డే ప్రపంచకప్ కొట్టినప్పుడు కోచ్ అమోల్ మజుందార్, మన కడప శ్రీచరణి కూడా ఆ జట్టులో ఉంది, అందరం చప్పట్లు కొట్టాం. మగవాళ్ల జట్టుకి ఆడ కోచ్ అని వార్త వచ్చిందనుకోండి, మా ఇంటి వాట్సాప్ గ్రూపులో మీమ్‌లు సాయంత్రానికి తయారవుతాయి. ముందు ఫార్వర్డ్ చేసేది మా బాబాయే.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. 2019 ఏప్రిల్‌లో మా జట్టు అసిస్టెంట్ వేరే కాలేజీలో మగపిల్లల జట్టుకి వెళ్లిపోయాడు. జీతం ఎక్కువ. ఆఫీసులో కేక్ కట్ చేశాం. కోచ్ ముక్కలు కోస్తూ నవ్వుతూనే అంది: "ఈయనకి ఏడువందల తలుపులు, నాకు మూడువందల యాభై. అందులోనూ సగం దగ్గర ఈయనలాంటివాళ్లు ముందే నిలబడి ఉన్నారు." అక్కడి కాలేజీ ఆటల్లో అన్నిటికంటే పై స్థాయి డివిజన్ వన్. అందులో మగవాళ్ల జట్లు సుమారు 350, ఆడవాళ్లవి సుమారు 350. మగ కోచ్ రెండువైపులా అప్లై చేసుకోవచ్చు. ఆడ కోచ్‌కి ఒకవైపే. ఆడవాళ్ల జట్లలో సగానికి పైగా ఆడ కోచ్‌లే ఉన్నారు, నిజమే, కానీ అటువైపు చూడండి. 1990లో కెంటకీ యూనివర్సిటీ మగవాళ్ల జట్టు కోచ్ రిక్ పిటినో, బెర్నడెట్ మాటాక్స్ అనే ఆవిడని తన అసిస్టెంట్‌గా పెట్టుకున్నాడు, డివిజన్ వన్‌లో మొదటి ఆవిడ. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది అసిస్టెంట్లు, డివిజన్ వన్ మగవాళ్ల జట్టుకి హెడ్ కోచ్‌గా మాత్రం ఒక్క ఆడమనిషీ రాలేదు.

అదే వారం ఫ్లోరిడాలోని టాంపాలో ఫైనల్ ఫోర్, అంటే అమ్మాయిల కాలేజీ జాతీయ టోర్నమెంటులో చివరి నాలుగు జట్ల పోటీ, జరుగుతోంది. నోటర్ డామ్ యూనివర్సిటీ కోచ్ మఫెట్ మెగ్రా ప్రెస్ మీట్‌లో బాంబు వేసింది. తన స్టాఫ్ అంతా ఆడవాళ్లే, ఇకపై మగవాళ్లని తీసుకోనని అప్పటికే చెప్పింది, దాని గురించి అడిగితే తగ్గలేదు. మగవాళ్ల బాస్కెట్‌బాల్‌లో ఉద్యోగాలు దాదాపు అన్నీ మగవాళ్లకే పోతున్నప్పుడు, ఆడవాళ్ల బాస్కెట్‌బాల్‌లో అన్నీ ఆడవాళ్లకి పోతే తప్పేంటని ఎదురడిగింది. మా ఫిల్మ్ రూమ్‌లో ఆ క్లిప్ ఎన్నిసార్లు వేశామో లెక్కలేదు. నా రూమ్మేట్ ఒకడు ఇది కూడా వివక్షే కదా అని రాత్రి ఒంటిగంట దాకా వాదించాడు, వాడు పనిచేసే టీమ్‌లో పదకొండుమందిలో ఆడవాళ్లు ఎంతమంది అంటే చెప్పకుండా పడుకున్నాడు. మర్నాడే సెమీఫైనల్లో మెగ్రా జట్టు జీనో జట్టుని 81-76తో ఓడించింది, ఫైనల్లో మాత్రం కిమ్ మల్కీ కోచ్‌గా ఉన్న బేలర్ చేతిలో 82-81తో, ఒక్క పాయింటుతో పోయింది. నేను ఆ రాత్రి అన్నం తినలేదు, నాకేం సంబంధమో నాకే తెలీదు.

చాలామందికి తెలియని తమాషా ఏంటంటే, ఈ పరిస్థితి మంచి చట్టం వల్లే వచ్చింది. 1972లో టైటిల్ నైన్ వచ్చింది, ప్రభుత్వ డబ్బు తీసుకునే చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదని. అంతకుముందు కాలేజీల్లో ఆడవాళ్ల జట్లలో పదింట తొమ్మిదింటికి ఆడవాళ్లే కోచ్‌లు. ఎందుకంటే జీతం లేదు, ఎవడూ రాడు. పాట్ సమిట్ 1974లో 22 ఏళ్లకి టెనెసీలో చేరినప్పుడు నెలకి 250 డాలర్లు, జట్టు వ్యాన్ ఆవిడే నడిపింది, జెర్సీలు ఆవిడే ఉతికింది. చట్టం వచ్చాక డబ్బులొచ్చాయి, డబ్బులు రాగానే మగవాళ్లొచ్చారు. ఆడవాళ్ల క్రీడావిభాగాల్ని మగవాళ్ల విభాగాల్లో కలిపేశారు, కోచ్‌ని ఎంచే కుర్చీలో మగాయన కూర్చున్నాడు. నలభై ఏళ్లు తిరిగేసరికి కాలేజీ ఆడవాళ్ల జట్లలో, అన్ని ఆటలూ కలిపి, ఆడ కోచ్‌లు సగం కంటే తక్కువకి వచ్చేశారు. బాస్కెట్‌బాల్ కాస్త నయం. పాట్ సమిట్ చివరికి 8 టైటిళ్లు, 1,098 విజయాలు. టెనెసీ వాళ్లు ఆవిణ్ని మగవాళ్ల జట్టు తీసుకోమని అడిగితే, దాన్ని ప్రమోషన్ అని ఎందుకనుకుంటున్నారని అడిగి, వద్దనేసింది.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇంకో కోపం. 2021 కాలేజీ జాతీయ టోర్నమెంటులో ఇండియానాపొలిస్‌లో మగవాళ్లకి హాలు నిండా వ్యాయామ సామాను, శాన్ అంటోనియోలో ఆడవాళ్లకి ఒక చిన్న డంబెల్స్ స్టాండు, కొన్ని యోగా చాపలు. ఆరిగన్ ప్లేయర్ సెడోనా ప్రిన్స్ వీడియో తీసి పెడితే గానీ, ఈ కాలేజీ ఆటలు నడిపే సంస్థ ఎన్‌సీఏఏకి సిగ్గు రాలేదు. చోటు లేదన్నారు ముందు, ఆ వీడియోలోనే బోలెడంత ఖాళీ స్థలం కనబడుతోంది! వెడల్పుగా తీసింది పిల్ల, నాలా కాదు. మూడేళ్లు తిరిగేసరికి 2024 ఫైనల్, డాన్ స్టేలీ కోచ్‌గా ఉన్న సౌత్ కరోలినా 87-75తో స్టార్ ప్లేయర్ కెయిట్లిన్ క్లార్క్ ఉన్న అయోవాని కొట్టిన మ్యాచ్, కోటీ 80 లక్షలమందికి పైగా చూశారు, ఆ ఏడాది మగవాళ్ల ఫైనల్ కోటీ 48 లక్షలే. రెండువైపులా బెంచ్ దగ్గర హెడ్ కోచ్‌లు ఆడవాళ్లే. డాలస్‌లో మా ఇంట్లో చూశాం. నేను క్లార్క్‌ని వదిలేసి మూలలో నిలబడ్డవాళ్లని చూసి అరుస్తుంటే, బంతి ఇటు ఉంది కదా అని మా ఆవిడ రిమోట్ లాక్కుంది.

కాబట్టి మేనకోడలి విషయం. ఆవిడా ఆయనా అని చూడకండి, రెండుచోట్లకీ వెళ్లి ఒక ప్రాక్టీసు కూర్చుని చూడండి, క్యాంపస్ విజిట్‌కి రమ్మంటారు కదా. హెడ్ కోచ్‌ని కాసేపు వదిలేసి, అసిస్టెంట్లు ఎవరు, ఎవరు మాట్లాడితే పిల్లలు వింటున్నారు, తప్పు చేసినప్పుడు అందరినీ ఒకేలా అంటున్నారా లేక ఒకరిద్దరి మీదే పడుతున్నారా, సీనియర్ పిల్లలు కోచ్ లేనప్పుడు ఎలా మాట్లాడుతున్నారు, అవి చూడండి. ఆ కోచ్ కాంట్రాక్టు ఎన్నాళ్లుందో కూడా అడగండి, చేర్చుకున్న కోచ్ ఏడాదికే వెళ్లిపోతే పిల్ల ఇబ్బంది పడుతుంది. రెండూ సమానంగా అనిపిస్తే నేనైతే ఆవిడ దగ్గరికే పంపుతాను, పక్షపాతమే, ఒప్పుకుంటున్నా.

ఇంతకీ అమ్మాయి ఏ పొజిషన్ ఆడుతుందో రాయలేదు మీరు. పాయింట్ గార్డ్ (బంతి తెచ్చి ఆట నడిపించే పొజిషన్) అయితే ఇంకో సంగతి చూసుకోవాలి, కామెంట్‌లో చెప్పండి.