గోల్కొండ సరుకు ఓడ ఎక్కిన రేవు

ప్రశ్న: సముద్రానికి ఇంత దూరంలో ఉన్న గోల్కొండకు విదేశీ వ్యాపారం ఎలా సాగింది? ఆ రేవులో ఇప్పుడు చూడదగ్గవి ఏమున్నాయి?
– ఒక పాఠకురాలు, మెహదీపట్నం, హైదరాబాద్

జవాబు: ఆ రేవు మచిలీపట్నం, అంటే బందరు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ సరుకు బళ్ల మీద అక్కడికి చేరి పర్షియాకూ, ఆగ్నేయాసియాకూ వెళ్లేది. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తక స్థావరాలు పెట్టుకోవడానికి ముఖ్య కారణం తీరాంధ్ర అద్దకపు వస్త్రాలే. తీరం లోతు తక్కువ కావడం వల్ల పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, పడవలు సరుకు చేరవేసేవి. 1864 నాటి తుపాను దాదాపు 30,000 మందిని బలిగొని పట్టణాన్ని కుంగదీసింది.

బందరు కోట శిథిలాలు, కుటుంబ చిహ్నాలు చెక్కిన డచ్చి సమాధులు తప్పక చూడండి. అయితే మా అభిప్రాయంలో అంతకన్నా విలువైనది, అదే అద్దకం పని సాగే సమీపంలోని పెడన. కరక్కాయ రసంలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద, బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము ఊరబెట్టి తీసిన ద్రవంతో టేకు అచ్చు ఒత్తితే, ఆ గుర్తు నల్లబడటాన్ని దగ్గర నుంచి చూడవచ్చు. విజయవాడ నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. లడ్డూ సంగతి మేము వేరే చెప్పనక్కరలేదు.