కీళ్లవాతం ఊపిరితిత్తుల దాకా వెళ్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 52 ఏళ్లు. 11 ఏళ్లుగా రుమటాయిడ్ కీళ్లవాతం. మొదటి నుంచీ వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను, నొప్పులు అదుపులోనే ఉన్నాయి. కానీ మూడు నెలలుగా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఎక్స్‌రే బాగానే ఉందన్నారు. ఇదీ కీళ్ల జబ్బు వల్లేనా? మాత్రలు మానేయనా?

జవాబు: మీ అంతట మీరు మానకండమ్మా. వచ్చే డోసు రోజు రాకముందే డాక్టర్ని కలవండి. వేసుకోవాలో ఆపాలో చూసి చెప్తారు. జ్వరం వచ్చినా, ఆయాసం ఒక్కసారిగా పెరిగినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

సంబంధం ఉండొచ్చు. పేరుకే కీళ్లవాతం గానీ ఇది ఒళ్లంతటి జబ్బు. కొందరికి ఊపిరితిత్తుల్లో గాలి గదుల చుట్టూ ఉండే పల్చటి పొర వాచి, మెల్లగా మచ్చకట్టి గట్టిపడుతుంది. దీన్ని ఐఎల్‌డీ అంటాం. కీళ్లు నెమ్మదించాయని ఇది ఊరుకోదు. కొందరిలో కీళ్ల నొప్పుల కంటే ముందే మొదలవుతుంది.

ఒకావిడను నేను మరిచిపోలేను. వచ్చినప్పుడల్లా వేళ్ల కణుపులు నొక్కి చూసి, వాపు లేదు, బాగున్నారని పంపేశాను. మూడోసారి బీపీ చూసి పట్టీ ఊడదీస్తుంటే దగ్గారు. వీపు కింది భాగంలో స్టెతస్కోప్ పెట్టి గట్టిగా ఊపిరి తీసుకోమన్నాను. లోపల అదే చప్పుడు, అప్పుడే ఊడదీసిన పట్టీ చరచరలాడినట్టు. ఐఎల్‌డీలో వినిపించే చప్పుడది. అంతకుముందు రెండుసార్లూ నేనసలు వీపు వినలేదు. ఆ బాధ ఇంకా ఉంది. ఇప్పుడు కీళ్లవాతం ఉన్న ఎవరినీ వినకుండా పంపను.

మీరూ వినమని అడగండి. తొలిదశలో మామూలు ఎక్స్‌రేలో ఇది కనబడకపోవచ్చు, ఊపిరితిత్తుల్ని మరింత వివరంగా చూపే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ కావాలి. ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్షలో డీఎల్‌సీఓ కూడా చేయించుకోండి, ఆక్సిజన్ రక్తంలోకి ఎంత బాగా చేరుతోందో అందులో తెలుస్తుంది. మెథోట్రెక్సేట్ వల్ల కూడా అరుదుగా ఊపిరితిత్తులు వాస్తాయి, అయితే అది చాలావరకు మొదటి ఏడాదిలోనే. ఇన్‌ఫెక్షన్ లేదని కూడా తేల్చుకోవాలి.

ఐఎల్‌డీ అని తేలితే మైకోఫెనొలేట్, రిటుక్సిమాబ్ లాంటి మందులున్నాయి. మచ్చ పెరుగుతూ పోతుంటే నింటెడానిబ్ ఇస్తారు. పడిన మచ్చ పోదు, కొత్తది పడే వేగాన్ని తగ్గించగలం. నేను తొందరపెడుతున్నది అందుకే.

పనిలో పనిగా మూత్రంలో ప్రొటీన్ పరీక్ష కూడా చేయించండి. ఏళ్ల తరబడి ఉన్న వాపు వల్ల అరుదుగా కిడ్నీల్లో అమిలాయిడ్ అనే ప్రొటీన్ పేరుకుంటుంది. దానికి నొప్పీ ఉండదు, దగ్గూ ఉండదు.