టికెట్ దక్కని రెబల్ నిలబడితే పార్టీ మారుతుందా?

నేను దగ్గరుండి చూసిన రెబల్ ఒక్కరే. ఆయన సంగతి చెబుతాను.

2015లో బీబీఎంపీ, అంటే బెంగళూరు నగరపాలక సంస్థ ఎన్నికలప్పుడు బెంగళూరు తూర్పు వైపు అద్దెకుండేవాణ్ణి. మా వార్డులో పదేళ్లు జెండా మోసిన మనిషికి ఆఖరి నిమిషంలో బీ ఫారం, అంటే పార్టీ టికెట్టు కాగితం, రాలేదు. ఇండిపెండెంటుగా నామినేషన్ వేశాడు. రాజకీయాలు నాకు పెద్దగా ఎక్కవు గానీ, వానొస్తే ఇళ్లలోకి పొంగే మా రాజకాలువ గురించి కాగితాలు పట్టుకుని తిరిగింది ఆయనొక్కడే. అందుకే మూడు వారాలు ఆఫీసవగానే ఆయన వెంట తిరిగాను. మదనపల్లె, హిందూపురం వాళ్లుండే పీజీలు, అద్దె ఇళ్లు నా వంతు. "ఓటు ఊర్లో ఉండాదప్పా, ఈడ లేదు" అన్నవాళ్లే ఎక్కువ. ఎవరి ఓటు ఎక్కడుందో ఒక నోటుబుక్కులో రాసుకున్నాను.

ఓడిపోయాడు. ఆయన చీల్చిన ఓట్లతో పార్టీ అభ్యర్థి కూడా ఓడిపోయాడు. ఆర్నెల్లు తిరక్కుండానే పార్టీవాళ్లు పిలిచి, శాలువా కప్పి, ఏదో పదవిచ్చారు. తర్వాత కాలువ మాటెత్తితే "చూద్దాం సార్" అనేవాడు. అంతకుముందెప్పుడూ నన్ను సార్ అనలేదు.

ఆయన్ని తప్పుపట్టను. మన పార్టీల్లో టికెట్టిచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. గెలిచి సభలో ఎదురుతిరుగుదామన్నా 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది, ఇలాగే ఓటెయ్యాలని పార్టీ ఇచ్చే ఆదేశం, అదే విప్, ధిక్కరిస్తే పదవికే ఎసరు. 1992లో తిరుపతి ఏఐసీసీ సభల్లో కాంగ్రెస్ వర్కింగ్ కమిటీకి నిజంగానే ఎన్నికలు పెట్టారు. అర్జున్ సింగ్, శరద్ పవార్ గెలిచారు కూడా. మహిళలు, దళితులు ఒక్కరూ గెలవలేదని చెప్పి పీవీ రాజీనామాలు చేయించి, మళ్లీ ఆ ఇద్దరినీ తానే నామినేట్ చేశారు. చూడ్డానికి మనుషులు వాళ్లే, కానీ గెలిచి కూర్చోవడం వేరు, ఒకరు కూర్చోబెడితే కూర్చోవడం వేరు.

అమెరికాలో బెర్నీ శాండర్స్ 2016లో డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి కాలేకపోయాడు. అయినా ఆయన వర్గం పట్టుబట్టడంతో 2018లో ఆ పార్టీ నియమం మార్చింది: అభ్యర్థి ఎంపికలో పోటీ ఉంటే మొదటి రౌండులో పార్టీ పెద్దలైన సూపర్ డెలిగేట్లకు ఓటు లేదు. 2020లో ఆయన మళ్లీ ఓడినా ఆ నియమం అలాగే ఉంది. నా లెక్కలో నిలిచే మార్పంటే అదే.

మా వార్డులోనూ ఒకటి మారిందిలెండి. 2018 అసెంబ్లీ ఎన్నికలకి ఆ పార్టీ కుర్రాళ్లు తెలుగు కరపత్రాలతో మా తలుపు తట్టారు. చేతిలో ఎవరి ఓటు ఎక్కడుందో రాసిన లిస్టు జిరాక్సు. అందులో ఉన్నది నా చేతిరాతే.