వాడు మారతాడా?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. గంజాయి అలవాటైంది, స్కూలు ఎగ్గొడుతున్నాడు, ఏమైనా అడిగితే తలుపు ధడాల్న వేసుకుంటాడు. చికిత్స చేయిస్తే ఫలితం ఉంటుందా? అది దేన్నిబట్టి ఉంటుంది?

జవాబు: ఉంటుందండీ. కానీ వాడొక్కణ్నే కౌన్సెలర్ గదిలోకి పంపి మీరు బయట ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే కష్టం. ఈ వయసు పిల్లలకు బాగా పనిచేస్తాయని పరిశోధనల్లో తేలిన పద్ధతుల్లో ఫ్యామిలీ థెరపీ (పిల్లాడితోపాటు ఇంట్లోవాళ్లూ కలిసి కౌన్సెలింగ్‌లో కూర్చోవడం) ముందు వరసలో ఉంటుంది, అంటే ఇంట్లో మీరు మాట్లాడే తీరు కూడా మారాలన్నమాట. వాడు ఎక్కడున్నాడో, ఎవరితో తిరుగుతున్నాడో తెలుసుకోండి, పోలీసు విచారణలా మాత్రం వద్దు.

మధ్యలో మానేయడమే పెద్ద దెబ్బ. 90 రోజులకన్నా తక్కువ చికిత్సతో పెద్దగా ఉపయోగం ఉండదని నిపుణులంటారు. కౌన్సెలర్‌తో వాడికి కుదరకపోతే మొహమాటపడకుండా మార్చండి, ఎందుకంటే ఆ నమ్మకం కుదిరితేనే పిల్లలు నిలకడగా వస్తారు.

డిప్రెషన్, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరక, నిలకడగా ఉండలేకపోయే సమస్య) లాంటివి ఉన్నాయేమో తప్పకుండా చూపించండి. వాటిని వదిలేసి గంజాయి ఒక్కటే మాన్పించాలంటే కుదరదు. గ్రూప్ సెషన్లతో మాత్రం కాస్త జాగ్రత్త, అల్లరి పిల్లలందర్నీ ఒకచోట కూర్చోబెడితే ఒక్కోసారి ఒకరి నుంచి ఒకరు కొత్త వేషాలు నేర్చుకుంటారు.

వాడంతట వాడే ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు, ఇంట్లోవాళ్ల బలవంతం మీద వచ్చినవాళ్లూ బాగుపడుతుంటారు. మధ్యలో ఒకసారి మళ్లీ గంజాయి తాగాడని తెలిస్తే చికిత్స ఆపకండి, అదే వారం కౌన్సెలర్‌కి చెప్పండి.